అదను తప్పని సాయం



2025లో వినాయక చవితి ఆగస్టు 27న వచ్చింది. మన కామారెడ్డి జిల్లాలో ఆ పండుగ పూట పట్టిన వాన మర్నాటిదాకా తెరిపి ఇవ్వలేదు. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజు వాన 40 సెంటీమీటర్లు దాటింది. కామారెడ్డి పట్టణంలో కాలనీలు మునిగాయి. భిక్కనూరు దగ్గర రైలు పట్టాల కింది కంకర కొట్టుకుపోయింది. 1922లో కట్టిన పోచారం ప్రాజెక్టు నిలుస్తుందో లేదోనని దిగువ ఊళ్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నాయి. అది నిలిచింది. నిజాంసాగర్ గేట్లు ఎత్తాక మంజీర పొంగి మా బాన్సువాడ, బీర్కూర్ వైపు పొలాల మీదికి వచ్చింది. నాట్లు పడి, కలుపు తీసి, ఎరువు చల్లిన వరి అది. నీళ్లు తీశాక కొన్ని మడుల్లో పైరు కనబడలేదు, ఇసుక మేటలు కనబడ్డాయి.

ఆ ఇసుకకు అప్పటి ప్రభుత్వం లెక్కలో ఒక ధర ఉంది. మేట మూడు అంగుళాలు దాటితే చిన్న, సన్నకారు రైతు దాన్ని తీయించుకోడానికి హెక్టారుకు 18,000 రూపాయలు. నీటి వసతి ఉన్న పొలంలో పంట పోతే హెక్టారుకు 17,000, అంటే ఎకరానికి ఏడు వేల లోపు. అదీ మూడో వంతు పంట పోతేనే, రెండు హెక్టార్ల వరకే. మనిషి పోతే ఆ కుటుంబానికి 4 లక్షలు. రాష్ట్ర విపత్తు సహాయ నిధి నుంచి ఇచ్చే డబ్బుకు 2026 మార్చి దాకా అని కేంద్ర హోం శాఖ పెట్టిన నిబంధనలివి. రాష్ట్రాలు తమ వంతుగా కొంత కలిపి ఇవ్వొచ్చు, ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి.

ఈ పూట నేను మాట్లాడదలచింది ఆపదలో ఉన్నవాళ్లకు ప్రభుత్వాలు ఇచ్చే డబ్బు గురించి. ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు వచ్చినా, వాషింగ్టన్ నుంచో లండన్ నుంచో సూడాన్‌కు పోయినా, ఆ డబ్బును అడగాల్సినవి అవే ప్రశ్నలు. ఎప్పుడు వచ్చింది? ఏ రూపంలో వచ్చింది? ఎవరి చేతికి వచ్చింది? ఎన్నాళ్లు నిలిచింది? ఎంత ఇచ్చారన్న అంకె మాత్రం పత్రికల్లో పెద్ద అక్షరాల్లో వస్తుంది. వరద తీసిన ఊళ్లో నిలబడి చూస్తే, ఆ అంకె కన్నా ముందు తేదీ అడగాలనిపిస్తుంది.

ఎందుకంటే మాది వ్యవసాయం మీద బతికే ప్రాంతం. నాటుకు ఒక అదను ఉంటుంది, మందుకు ఒక అదను ఉంటుంది. వానాకాలం పంట పోయిన రైతుకు యాసంగి నారు పోసే లోపు చేతికి వచ్చిన ఏడు వేలు, సంక్రాంతి దాటాక వచ్చిన పది వేల కన్నా ఎక్కువ పని చేస్తాయి. మధ్యలో ఉన్న ఆ నెలల్లో అతను వడ్డీకి తెస్తాడు. సాయం వచ్చేసరికి అది వడ్డీకే చాలుతుంది.

మన దేశం ఈ సంగతిని కొంత గుర్తించింది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద ప్రతి రాష్ట్రానికీ ముందుగానే నిధి ఉండాలి. మన వంటి రాష్ట్రాలకు అందులో 75 పైసలు కేంద్రం, 25 పైసలు రాష్ట్రం వేసుకుంటాయి. కేంద్రం తన వాటాను ఏటా రెండు విడతలుగా పంపాలి. పదిహేనో ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 మార్చి దాకా రాష్ట్రాలన్నిటికీ కలిపి 1,60,153 కోట్లు లెక్క కట్టింది. అందులో ఐదో వంతును వరద రాకముందే నష్టం తగ్గించే పనులకు విడిగా పెట్టమంది. ఇది మామూలు సంగతి కాదు. ఆపద వచ్చాక జోలె పట్టుకుని తిరిగే పద్ధతి నుంచి, ఆపదకు ముందే పెట్టెలో డబ్బు ఉంచే పద్ధతికి ఒక పెద్ద దేశం మారింది. 2024 సెప్టెంబర్‌లో ఖమ్మం, విజయవాడ మునిగాక, అక్టోబర్ 1న కేంద్రం 14 రాష్ట్రాలకు 5,858 కోట్లు విడుదల చేసింది. తెలంగాణకు 416.80 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌కు 1,036 కోట్లు వచ్చాయి. చాలా ఆలస్యమని మనం అనుకుంటాం. నిజమే. అయినా ఆ డబ్బు ఏ విదేశీ సభ కోసమూ, ఏ పార్లమెంటు దయ కోసమూ ఎదురు చూడలేదు.

ప్రపంచ స్థాయిలో ఇప్పటికీ ఆ ఎదురుచూపే ఎక్కువ. కరువు ముదురుతుంది, ఫొటోలు వస్తాయి, ఐక్యరాజ్య సమితి పిలుపునిస్తుంది, దాత దేశాలు ఒక సభలో కూర్చుని ఇంత ఇస్తామని ప్రకటిస్తాయి. ప్రకటించినది అందేసరికి నెలలు గడుస్తాయి. దీనికి మందుగా 2006లో సమితి ఒక కేంద్ర అత్యవసర నిధి పెట్టింది. అందులో దేశాలు ముందే డబ్బు వేసి ఉంచుతాయి, ఫలానా దేశానికే ఖర్చు పెట్టమని ముద్ర వేయవు. 2020 జులైలో బంగ్లాదేశ్‌లో ఆ నిధి ఇంకో అడుగు ముందుకు వేసింది. బ్రహ్మపుత్ర ఇంకా పతాక స్థాయికి రాలేదు. నీటిమట్టం అంచనా ఒక గీత దాటగానే డబ్బు వదలాలని అంతకుముందే రాసి పెట్టుకున్నారు. గీత దాటింది, డబ్బు కదిలింది. వరద గడపలోకి రాకముందే కుటుంబానికి 4,500 టాకాలు ఫోన్లలోకి చేరాయి. ఆ డబ్బుతో బియ్యం కొనుక్కున్నారు, గొడ్డూ గోదా గట్టుకు తోలుకున్నారు. తర్వాత పరిశీలిస్తే, ఆ డబ్బు అందిన ఇళ్లలో రోజంతా పస్తుండడం తగ్గిందని తేలింది.

ఈ మాట విన్నప్పటి నుంచి నాకు మంజీరే కళ్లముందు ఉంది. మనకు ఎగువన సింగూరు ఉంది. అక్కడ ఎన్ని గేట్లు ఎత్తారు, ఎన్ని క్యూసెక్కులు వదిలారు అన్నది గంటల ముందే అధికారులకు తెలుస్తుంది. నిజాంసాగర్‌కు ఎంత వస్తుందో, కింద ఏ ఊరి పొలాలు మునుగుతాయో మా పెద్దవాళ్లు కాగితం లేకుండా చెప్తారు. వార్త ముందే వస్తోంది. దాని వెంట డాంబరు రోడ్డు మీద మైకు కట్టిన ఆటో వస్తోంది, పోలీసులు వస్తున్నారు. డబ్బు మాత్రం నీళ్లు తీశాక, సర్వే అయ్యాక, జాబితా పైకి పోయాక వస్తోంది. సింగూరు నుంచి ఇంత వదిలితే, ఒడ్డున ఉన్న ఈ ఈ ఊళ్ల ఇళ్లకు అదే రోజు రెండు వేలో మూడు వేలో వేయాలని ముందే రాసి పెట్టుకోవచ్చు. పశువులను తరలించడానికి ట్రాక్టర్ కిరాయికి పనికొస్తుంది. ఒకసారి వరద రాకుండా పోయినా ఆ డబ్బు పేదవాళ్ల ఇళ్లకే కదా పోయింది.

అయితే అలా ముందే ఇచ్చేస్తే వృథా కాదా, ప్రజల పన్నుల డబ్బుకు జవాబుదారీ ఎవరు అని ఖజానా అధికారి అడుగుతాడు. అడగాలి కూడా. ఆ ప్రశ్నను గౌరవిస్తూనే మన తెలుగు నేల మీద జరిగిన ఒక ఘోరం చెప్పాలి.

1876లో ధాత నామ సంవత్సరంలో వచ్చిన కరువు అది. కర్నూలు, బళ్లారి, కడప జిల్లాలు మాడిపోయాయి. వైస్రాయి లిట్టన్ 1877 మొదట్లో సర్ రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసుకు పంపాడు. ఈ టెంపులే అంతకు మూడేళ్ల ముందు బీహార్ కరువులో బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని కాపాడాడు. చావులు చాలా తక్కువ. అందుకు ఆయనకు మెప్పు రాలేదు, దుబారా మనిషన్న పేరు వచ్చింది. ఆ మచ్చ తుడుచుకోవాలన్న పట్టుదలతో మద్రాసుకు వచ్చాడు. కరువు పనికి వచ్చిన కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం ఖరీదు, పైన కాస్త చిల్లర చాలన్నాడు. పౌను అంటే అర కిలో కన్నా తక్కువ. రాళ్లు కొట్టే మనిషికి, కట్టలు పోసే మనిషికి అది. మద్రాసు ఆరోగ్య శాఖ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఆ తిండితో పని చేసే మనిషి బతకడని గట్టిగా వాదించాడు. కొన్ని నెలలకు కూలి కొంత పెంచక తప్పలేదు. ఆలోపు జరగాల్సింది జరిగిపోయింది. ఆ కరువులో దక్షిణాదిన 50 లక్షల మందికి పైగా పోయారని అంచనా.

టెంపుల్ అక్రమం చేయలేదు, లంచం తినలేదు. పైసా పైసాకు లెక్క చెప్పాడు. ఆ లెక్క ఒకే వైపుకు చెప్పాడు. డబ్బు పెట్టినవాళ్లకు చెప్పాడు, ఆకలితో ఉన్నవాళ్లకు చెప్పలేదు. ఇవాళ దాత ప్రభుత్వాలు బాధ్యత అన్న మాట పలికినప్పుడల్లా అది ఎవరికి బాధ్యత అని నేను వెతుకుతాను. వంద పేజీల నివేదికలు, మూడు నెలలకోసారి తనిఖీలు, రసీదు లేనిదే చెల్లదన్న పట్టు, ఇవన్నీ పన్ను కట్టేవాడి పట్ల బాధ్యతే. కాదనను. నివేదిక సిద్ధమయ్యేదాకా ఆకలి ఆగదన్నదీ అంతే నిజం.

ఆ కరువులోనే ఒక మంచి పనీ జరిగింది. 1877 ఆగస్టులో లండన్ మేయర్ ఆధ్వర్యంలో మాన్షన్ హౌస్ నిధి పేరిట చందాలు పోగయ్యాయి. మద్రాసులో దాన్ని నడిపిన కమిటీకి విలియం డిగ్బీ కార్యదర్శి. గంజి కేంద్రాలు సర్కారు చూస్తోంది కాబట్టి, తమ డబ్బులో పెద్ద భాగాన్ని రైతుకు విత్తనాలు, ఎడ్లు కొనుక్కోడానికి, ఇల్లు కప్పుకోడానికి ఇచ్చారు. మనిషిని ఇవాళ్టికి నిలబెట్టే డబ్బు వేరు, వచ్చే పంటకు నిలబెట్టే డబ్బు వేరు అని వాళ్లు గ్రహించారు. దాదాపు నూట యాభై ఏళ్ల కిందటి ఆ గ్రహింపు ఇప్పటికీ అరుదే.

ఇక సాయం రూపం. నా ఈడు వాళ్లకూ, నా కన్నా పెద్దవాళ్లకూ బడిలో పెట్టిన అమెరికా గోధుమ రవ్వ ఉప్మా, పాలపొడి గుర్తుండే ఉంటాయి. 1954లో అమెరికా చేసిన పీఎల్ 480 చట్టం కింద వాళ్ల దగ్గర మిగిలిన ధాన్యం మన దేశానికి ఓడల కొద్దీ వచ్చింది. దాంతో ఎందరో బతికారు, ఆ మేలు మరవకూడదు. కానీ 1965, 66 కరువుల్లో అధ్యక్షుడు జాన్సన్ మన విదేశాంగ విధానం నచ్చక, వ్యవసాయ విధానం మార్చాలని, ధాన్యాన్ని కొంచెం కొంచెంగా వదిలాడు. ఓడ వెంట ఓడ కోసం ఒక దేశం కాచుకుని కూర్చుంది. పైగా అమెరికా చట్టం ప్రకారం ఆ సాయంలో కనీసం సగం అమెరికా జెండా ఉన్న ఓడల్లోనే పోవాలి. ఆ కిరాయి ఎక్కువ. ఆకలి పేరున రాసిన డబ్బులో కొంత ఓడల యజమానుల జేబుకు పోతుంది. బజారులో బియ్యం దొరుకుతున్న చోట డబ్బే ఇవ్వడం మేలు. బజారే లేని చోట, యుద్ధం ముట్టడించిన చోట ధాన్యమే పంపాలి. మన దేశం అఫ్గానిస్తాన్‌కు 50,000 టన్నుల గోధుమలు ఇస్తామన్నాక, 2022లో అట్టారీ సరిహద్దు మీదుగా లారీల్లో పంపి, పంచే పనిని ప్రపంచ ఆహార కార్యక్రమానికి అప్పగించింది. అక్కడి ప్రభుత్వాన్ని మనం గుర్తించకపోయినా అక్కడి తల్లుల పొయ్యి మీదికి పిండి చేరే దారి వెతికింది. మన దేశమూ దాతేనని, ఆ డబ్బు గురించి అడిగే హక్కు మనకూ ఉందని గుర్తు చేయడానికే ఈ సంగతి చెప్పాను.

ఎవరి చేతికి అన్న ప్రశ్న దగ్గర కాసేపు ఆగుతాను. బాన్సువాడ చుట్టుపక్కల ఇది రోజూ కళ్లకు కనబడే కష్టం.

నిజాంసాగర్ కాలువ కింద ఎకరాలు కౌలుకు తీసుకుని చేసేవాళ్లు ఎందరో ఉన్నారు. కౌలు ముందే కట్టాలి. విత్తనం, మందు, కూలి అతనివే. మంజీర పొంగితే పోయేదీ అతని పెట్టుబడే. పంట నష్టం సర్వేకు వచ్చినప్పుడు కాగితం పట్టాదారు పాసుపుస్తకం చుట్టూ తిరుగుతుంది. పట్టాదారు హైదరాబాద్‌లో ఉండొచ్చు, దుబాయిలో ఉండొచ్చు. డబ్బు ఆయన ఖాతాలో పడుతుంది. ఆయన మంచివాడైతే కౌలుదారుకు ఇస్తాడు. లేకుంటే లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో కౌలు రైతులకు గుర్తింపు కార్డులిచ్చే చట్టం వచ్చింది. మన దగ్గర ఆ చట్టం పుస్తకంలోనే ఉండిపోయింది. ఇది అవినీతి కాదు, ఎవరూ దొంగతనం చేయలేదు. అయినా సాయం నష్టపోయిన మనిషిని తాకకుండా పక్కనుంచి పోయింది.

దేశాల మధ్య కూడా ఇదే జరుగుతోంది. 2016లో ఇస్తాంబుల్‌లో పెద్ద దాత దేశాలు, పెద్ద సంస్థలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. 2020 నాటికి మానవతా సాయంలో కనీసం నాలుగో వంతు వీలైనంత నేరుగా స్థానిక సంస్థల చేతికి ఇవ్వాలన్నాయి. నేరుగా అందింది పదో వంతు కూడా లేదు. స్థానికులకు లెక్కలు రావని, ఆ స్థోమత లేదని కారణం చెప్తారు.

ఆ మాట అన్నవాళ్లను ఒకసారి వడ్ల కోతలప్పుడు మా వైపు రమ్మనాలని ఉంటుంది. ఐకేపీ కొనుగోలు కేంద్రాల్లో మహిళా సంఘాల అక్కలు వడ్లు కొంటారు. తేమ 17 శాతం దాటిందా లేదా చూస్తారు, తాలు పట్టిస్తారు, గన్నీ సంచులు లెక్కిస్తారు, తూకం వేయిస్తారు, లారీ ఎక్కిస్తారు, ఏ రైతు వడ్లు ఎన్ని క్వింటాళ్లో ట్యాబ్‌లో ఎక్కిస్తారు. కోట్ల రూపాయల వడ్లు వాళ్ల కళ్లముందు నుంచి పోతాయి. ఎవరు పట్టాదారో, ఎవరు కౌలుదారో వాళ్లకు పాసుపుస్తకం చూడకుండా తెలుసు. వరద వచ్చిన వారంలో ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో కూడా తెలుసు. గ్రామ సంఘాలకు ఒక చిన్న అత్యవసర నిధి ఇచ్చి, మొదటి పది రోజుల సాయం వాళ్లతో ఇప్పించడానికి స్థోమత లేనిది ఎక్కడ? 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచి వేల ప్రాణాలు తీసినప్పుడు దేశమంతా కదిలింది, ఎన్‌టీఆర్, ఏఎన్నార్ ఊరూరా తిరిగి చందాలు పోగుచేశారు. ఆ నేల మీది మనిషి మండలి వెంకట కృష్ణారావు అక్కడి పునరావాసాన్ని నెత్తిన వేసుకున్నారు. బయటి నుంచి డబ్బు వచ్చినా, దారి తెలిసిన మనిషి లోపల ఉంటేనే అది ఇంటికి చేరుతుంది.

ఇక మొదలుపెట్టిన సాయాన్ని ఒక్కసారిగా ఆపడం గురించి. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని నిలిపివేసింది, జులై 1తో యూఎస్ ఎయిడ్ సంస్థే మూతపడింది. అది ఎక్కడో ఆఫ్రికాకు సంబంధించిన వార్త అనుకోవద్దు. హైదరాబాద్‌లో 2021లో తెరిచిన మిత్ర్ క్లినిక్, ట్రాన్స్‌జెండర్ల కోసం దేశంలో మొట్టమొదటిది, ఆ డబ్బుతోనే నడిచేది. ఆ జనవరిలోనే అది ఆగిపోయింది. హెచ్‌ఐవీ మందులు, సలహా, గౌరవంగా పలకరించే డాక్టరు, అన్నీ ఒక్కసారిగా. తర్వాత టాటా ట్రస్ట్స్ అండతో సబ్‌రంగ్ పేరున మళ్లీ తెరుచుకుంది. అలా ఆదుకునేవాళ్లు దొరకని క్లినిక్కులు ప్రపంచంలో ఎన్నో. ఐక్యరాజ్య సమితి 2025కు 19 కోట్ల మంది కోసం 4,700 కోట్ల డాలర్లకు పైగా కావాలని అడిగింది. జూన్‌లో ఆ కోరికను తానే 2,900 కోట్లకు, 11.4 కోట్ల మందికి కుదించుకుంది. మిగిలిన కోట్ల మంది అవసరం తీరలేదు, జాబితాలో వాళ్ల వంతు వెనక్కి పోయింది. ఏ ప్రభుత్వానికైనా సాయం తగ్గించుకునే హక్కు ఉంది. ఎన్నికలు వస్తాయి, విధానాలు మారతాయి. కానీ మందు మింగుతున్న మనిషి చేతిలోంచి సీసా లాక్కునే హక్కు లేదు. రెండేళ్లు, మూడేళ్లకు మాట ఇవ్వాలి. ఆపాలనుకుంటే ఏడాది ముందు చెప్పాలి. ఆ లోపు బాధ్యత ఎవరు తీసుకుంటారో కూర్చుని తేల్చాలి. కొత్త ప్రభుత్వం వచ్చినా ఆ గడువు దాకా చెల్లేలా చట్టంలో రాసుకోవాలి.

మరి లెక్క ఎవరు చూడాలి? దీనికి జవాబు మన దగ్గరే పుట్టింది. ఉపాధి హామీ పనుల మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో మొదలైన సామాజిక తనిఖీ. కూలీల కుటుంబాల పిల్లలే మస్టర్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, నీ పేరున ఇన్ని రోజులు రాశారు, నువ్వు పని చేశావా, డబ్బు వచ్చిందా అని అడిగారు. మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి, అధికారుల ముందే ఆ తేడాలు చదివారు. తినేసిన డబ్బు కొంత వెనక్కి వచ్చింది, కొంత రాలేదు. అయినా ఇంత పెద్ద ఎత్తున లెక్కను కూలి ముందు పెట్టిన రాష్ట్రం అంతకు ముందు లేదు. దాత దేశాలు ఖరీదైన ఆడిటర్ల మీద పెట్టే ఖర్చులో కొంత ఇలాంటి పని మీద పెడితే, పన్ను కట్టినవాడికీ, వరదలో మునిగినవాడికీ ఒకే కాగితం జవాబు చెప్తుంది.

పదిహేనో ఆర్థిక సంఘం గడువు లాగే ఆ విపత్తు సాయం నిబంధనల గడువూ 2026 మార్చి దాకే, ఆ తర్వాతవి కొత్తగా రాసుకోవాల్సినవి. ఆ కొత్త నిబంధనల్లోకి మూడు సంగతులు చేరాలని మా ప్రాంతం నుంచి గట్టిగా అడగాలి. సింగూరు నీటి లెక్కను బట్టి మంజీర ఒడ్డు ఊళ్లకు ముందే డబ్బు వేయడం ఒకటి. నష్టం జాబితాను పైకి పంపకముందే గ్రామసభలో పేరు పేరునా చదవడం ఇంకొకటి. మూడోది చాలా చిన్నది, ఖర్చు లేనిది. పంట నష్టం సర్వే ఫారంలో పట్టాదారు పేరు గడి పక్కన, సాగు చేసినవారి పేరు అని మరో గడి ఉండాలి, డబ్బు ఆ రెండో పేరున పడాలి. వచ్చే వానాకాలంలో వ్యవసాయ విస్తరణ అధికారి పొలం గట్టు మీదికి వచ్చేసరికి ఆ గడి ఫారంలో అచ్చయి ఉండాలి.